మూడో మడతలో రాసిన మాట

ఆమెను అందరూ తగవులమ్మ అనేవారు. నిజానికి ఆమె జన్మలో ఎవరితోనూ గట్టిగా తగవు పడి ఎరగదు. ఇరవై రెండేళ్లు ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. ఇలాగే అరిస్తే ఉన్న గొంతు కూడా మిగలదని డాక్టరు చెప్పాక, తనంతట తానే అర్జీ పెట్టుకుని, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే విభాగానికి మారింది. ఆమె వెళ్లేసరికి అక్కడివాళ్లు తేలికపాటి పనులన్నీ పంచేసుకున్నారు. ఎవరూ ముట్టని ఫైలు ఒకటి మిగిలింది. దాని మీద ‘బడిలో తగవుల పరిష్కారం, ఆలోచనా పద్ధతులు’ అని రాసి ఉంది.

“ఇందులో నేనేం చెప్పాలండీ?” అని పక్క సీటాయన్ని అడిగింది.

“ఏమో మేడమ్, ఇంతవరకు దాన్ని విప్పినవాళ్లు లేరు,” అన్నాడాయన.

ఆమె విప్పింది. లోపల రెండే కాగితాలున్నాయి. ఒకటి ఆర్డరు, రెండోది దాని నకలు.

అందుకని పాఠం తనే తయారు చేసుకోవలసి వచ్చింది. ఆమె చెప్పే పద్ధతి చూడ్డానికి చాలా చిన్నది. ఒక తెల్లకాగితాన్ని అడ్డంగా మూడు మడతలు పెట్టాలి. మొదటి మడతలో ఏం జరిగిందో రాయాలి, అదీ కళ్లతో చూసినది, చెవులతో విన్నది మాత్రమే. రెండో మడతలో, దాన్ని బట్టి ఎదుటి మనిషి గురించి నేనేమనుకున్నానో రాయాలి. మూడో మడతలో, అసలు నాకేం కావాలి, అది దొరక్కపోతే ఏమైపోతుందని నా భయం, అన్నది రాయాలి. తగవు పడ్డ ఇద్దరూ రాసి కాగితాలు మార్చుకుంటారు. అయితే చదవడం మాత్రం మూడో మడత నుంచి మొదలుపెట్టాలి.

“పైనుంచి చదివారో, మళ్లీ కొట్టుకుంటారు. కిందనుంచి పైకి రండి,” అనేది బొంగురు గొంతుతో.

మొదట్లో నవ్వారు. తర్వాత తర్వాత ఆ కాగితం ఎలా పనిచేస్తుందో కథలు కథలుగా చెప్పుకోసాగారు. ఒక బడిలో డ్రాయింగు మాస్టారూ, ఆటల మాస్టారూ ఆఖరి పీరియడు ఎవరిదన్న గొడవతో ఏడాదిపాటు ముఖాలు చూసుకోలేదు. మూడో మడత విప్పితే, ఇద్దరూ సాయంత్రం ఒకే బస్సు అందుకోవాలని తంటాలు పడుతున్నారని తేలింది. ఆ తర్వాత ఇద్దరూ అదే బస్సులో ఒకే సీట్లో కూర్చుని వెళ్లేవారు.

ఆమె భర్త బస్సు డిపోలో టైమ్‌కీపరు. “మా ఆవిడ లోకంలో తగవులన్నీ తీరుస్తుంది. నాతో పోట్లాడ్డానికి మాత్రం తీరిక లేదు, డేటివ్వమంటే వచ్చే నెలంటోంది,” అని స్నేహితులతో అనేవాడు. ఆమె నవ్వేది. ఆ నాలుగేళ్లూ ఆమె జీవితంలో మంచి రోజులు. పొద్దున్నే చేతిసంచిలో కాగితాల దస్తా పెట్టుకుని బయలుదేరుతుంటే, ఇవాళ ఎక్కడో రెండు మనసుల మధ్య ముడి ఒకటి విప్పబోతున్నానన్న నమ్మకం ఉండేది.

ఆ నాలుగో ఏడు ఒక బడిలో మూడు రోజుల శిక్షణ పెట్టారు. చుట్టుపక్కల బళ్ల నుంచి నలభై రెండు మంది వచ్చారు. హాల్లో పిల్లల బెంచీలే వేశారు. పెద్దవాళ్ల మోకాళ్లు బల్లలకు తగిలి, కూర్చున్నవాళ్లు లేచేటప్పుడల్లా హాలంతా కిర్రుమనేది. మొదటి రోజే ఆమె ఒకటి గమనించింది. ఆ బడికే చెందిన లెక్కల మాస్టారు ఈ మూల కూర్చుంటే, సోషల్ టీచరు సరిగ్గా ఎదుటి మూల కూర్చుంది. టీ కోసం లేచినప్పుడు కూడా ఆయన ఈ గుమ్మంలోంచి, ఆవిడ ఆ గుమ్మంలోంచి వెళ్లారు.

“వాళ్లిద్దరూ ఉప్పూ నిప్పూనండీ. మీ కాగితం వాళ్ల దగ్గర కాలిపోతుంది,” అని హెడ్మాస్టరు ముందే చెప్పాడు.

సంగతేమిటంటే, వాళ్లిద్దరి తరగతి గదుల మధ్య ఉన్నది గోడ కాదు, పల్చటి చెక్క పలక. లెక్కల మాస్టారు పాఠం మొదలుపెడితే ఆ అరుపుకు పలక అదిరేది. సోషల్ టీచరు మొదట మర్యాదగా చెప్పిచూసింది. తర్వాత డస్టరుతో పలక మీద కొట్టేది. ఆయన పట్టించుకునేవాడు కాదు. వరండాలో ఎదురుపడి “మాస్టారూ” అని పిలిస్తే తల తిప్పకుండా వెళ్లిపోయేవాడు. ఆవిడకు అది చెంపదెబ్బలా ఉండేది. ఆయనకు లౌడ్‌స్పీకరని పేరు పెట్టింది. ఆ పేరు పిల్లల నోళ్లలో పడింది. మూడేళ్లలో మూడు ఫిర్యాదులు రాసింది. తన వెనక ఆ పేరు పెట్టి నవ్వుతున్నారని ఆయన ఆవిడ క్లాసు పిల్లల్ని చూస్తేనే మండిపడేవాడు.

రెండో రోజు మధ్యాహ్నం జంటలు కట్టే సమయంలో తోటివాళ్లే నవ్వుతూ తుళ్లుతూ ఇద్దర్నీ ఒక బెంచీ మీదకు నెట్టారు. ఆవిడ ఐదు నిమిషాల్లో కాగితం నింపేసింది. ఆయన మొదటి రెండు మడతలూ గబగబా రాశాడు. మూడో మడత దగ్గర కలం ఆగిపోయింది. పది నిమిషాలైనా కదల్లేదు. తగవులమ్మ వెళ్లి పక్కన వంగి, “ఏమైంది మాస్టారూ?” అంది. ఆయన ఆమె పెదాల వంక చూశాడు. “మాస్టారూ, ఏమైంది?” అని మళ్లీ అడిగింది.

“ఇది ఎవరెవరు చూస్తారు మేడమ్?”

“ఆవిడ ఒక్కరే. ఇంకెవరూ చూడరు.”

“మీరు?”

“నేను కూడా చూడను. మీరు చూపిస్తే తప్ప.”

ఆయన రాశాడు. నాలుగే లైన్లు. మడిచి, తల వంచుకుని ఎదుటికి జరిపాడు.

సోషల్ టీచరు కిందనుంచి చదవడం మొదలుపెట్టింది. చదువుతూ చదువుతూ కాగితం బల్ల మీద పెట్టేసింది. హాల్లో మిగతా జంటల మాటలు గలగలా వినిపిస్తున్నాయి. ఆవిడ ముఖం ఆయనకు ఎదురుగా తిప్పి, ఒక్కొక్క మాటే విడదీసి అడిగింది.

“ఎప్పట్నుంచి మాస్టారూ?”

“ఐదేళ్లు దాటింది. ముందు ఎడమ చెవి. ఇప్పుడు కుడిది కూడా పోతోంది. నేనెంత గట్టిగా మాట్లాడుతున్నానో నాకే తెలీదమ్మా.”

“మరి మిషను పెట్టుకోవచ్చు కదా?”

ఆయన జేబులోంచి చిన్న డబ్బా తీసి చూపించాడు. “ఇద్దరు ముగ్గురున్న చోట బానే ఉంటుంది. క్లాసులో పెట్టుకుంటే నలభై మంది గోల ఒకేసారి తలలో మోగుతుంది. దానికన్నా లేకపోతేనే నయం. పైగా, పిల్లలు చూస్తే ఇంట్లో చెబుతారు, ఇంట్లోవాళ్లు పైకి చెబుతారు. ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది నాకు. క్లాసు లేకుండా నేనేం చేస్తాను?”

ఆవిడ కళ్లు తుడుచుకుంది. “నేను పిలిచినా పలకట్లేదని... అయ్యో, మూడేళ్లు, అన్నయ్యగారూ,” అంది. మూడేళ్లలో ఆవిడ ఆయన్ని వరస పెట్టి పిలవడం అదే మొదలు.

మర్నాడు ఉదయానికల్లా ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. వరండా చివరి గది ఆయనకు. ఆ గది పక్కన సామాన్ల గది తప్ప ఏమీ లేదు, ఎంత అరిచినా ఎవరికీ అడ్డం కాదు. పిల్లలు ప్రశ్నల్ని నోటితో కాకుండా తమ రాతపలకల మీద రాసి ఎత్తి చూపిస్తారు. పలకల ఆలోచన ఆవిడదే. తగవులమ్మ ఆ రోజు తన డైరీలో, ఇన్నేళ్లలో ఇంతకన్నా మంచి రోజు రాలేదని రాసుకుంది.

మూడో రోజు సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, శిక్షణ కార్యాలయం నుంచి వచ్చిన గుమస్తా ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“పత్రాలు ఇచ్చేయండి మేడమ్. ఈసారి నుంచి రిపోర్టుకు జతపరచాలట.”

“ఏ పత్రాలు?”

“అవే, మూడు మడతల కాగితాలు. నలభై రెండు.”

“అవి ఇవ్వకూడదయ్యా. ఎవరూ చూడరని మాటిచ్చాను. మళ్లీ మాట్లాడుకోవడానికి పనికొస్తాయని నా దగ్గర దాచమన్నారు, అంతే.”

గుమస్తా పాపం మంచివాడే. తన చేతిలో ఏమీ లేదన్నాడు. శిక్షణాధికారికి ఫోను కలిపి ఇచ్చాడు. అధికారి నవ్వాడు. “అమ్మా, ఆధారం లేకపోతే శిక్షణ జరగనట్టే లెక్క. నలభై రెండు మందీ మళ్లీ మూడు రోజులు కూర్చోవాల్సొస్తుంది. అయినా అవన్నీ ఎవరు చదువుతారమ్మా? కట్టగట్టి బీరువాలో పడేస్తాం. మీరు నిశ్చింతగా ఉండండి.”

లెక్కల మాస్టారి కాగితం ఒక్కటీ తీసేద్దామనుకుంది. కానీ పేర్ల పట్టీలో నలభై రెండు సంతకాలున్నాయి, గుమస్తా ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటున్నాడు. మాస్టారిని పిలిచి వేరే కాగితం రాయించుకుందామంటే అప్పటికే వెళ్లిపోయాడు. తనే ఒక కాగితం మడిచి నాలుగు ఉత్తుత్తి మాటలు రాసి పెట్టేయవచ్చు. పది నిమిషాల పని. ఆ ఆలోచన వచ్చింది కూడా. ఇంకొకరి పేరు మీద రాయడం తప్పు కదా అని ఆగింది. బయట జీపు డ్రైవరు హారను కొడుతున్నాడు. మాస్టారి కాగితాన్ని గట్టిగా మడిచి, కట్ట మధ్యలో పెట్టి ఇచ్చేసింది.

ఆ పది నిమిషాల గురించి ఆమె తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు.

రెండు నెలలు ఏమీ జరగలేదు. మధ్యలో సోషల్ టీచరు ఒకసారి ఫోను చేసి, అన్నయ్యగారి క్లాసులో పిల్లలు పలకలెత్తి ప్రశ్నలడగడం చూడ్డానికి వేరే క్లాసులవాళ్లు కిటికీల దగ్గర చేరుతున్నారని చెప్పి మురిసిపోయింది. మూడో నెలలో మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

“మేడమ్, ఆయన కాగితం ఎవరికిచ్చారు?”



జరిగింది ఇది. శిక్షణాధికారి ఆ కట్టను బీరువాలో పడేయలేదు. ఎవరూ చదవరన్నవాడే కూర్చుని అన్నీ చదివాడు. చదివి కదిలిపోయాడు. ఆ ఏడాది శిక్షణల విజయాల మీద అచ్చువేసే చిన్న పుస్తకంలో లెక్కల మాస్టారి కథను మొదటి పేజీలో పెట్టించాడు. పేరు వేయలేదు. బడి పేరు వేశాడు, లెక్కల ఉపాధ్యాయుడని వేశాడు, నమ్మకం కోసం కాగితం ఫొటో కూడా వేశాడు. ఆ పుస్తకం అన్ని కార్యాలయాలకూ వెళ్లింది. సిబ్బంది వ్యవహారాలు చూసే సూపరింటెండెంటు దాన్ని టీ తాగుతూ తిరగేశాడు. మర్నాడు లెక్కల మాస్టారికి నోటీసు వెళ్లింది: మీ స్వహస్తంతో తెలియజేసిన ప్రకారం మీకు వినికిడి లోపం ఉన్నందున, పరీక్షకు హాజరు కావలెను.

ఆమె మొదట శిక్షణాధికారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన ముఖం పాలిపోయి ఉంది. “అమ్మా, నేను మంచికే వేశానమ్మా. చదువుతుంటే ఏడుపొచ్చింది నాకు. అందరికీ తెలిస్తే ఎంత మందికి స్ఫూర్తి అనుకున్నాను,” అన్నాడు. సూపరింటెండెంటుకు తనే ఫోను చేశానని, పని కాలేదని చెప్పాడు. ఆయన్ని తిట్టడానికి వెళ్లిన మనిషి ఆయనకు మంచినీళ్ల గ్లాసు అందించి వచ్చింది.

తర్వాత సూపరింటెండెంటు. ఆయన గది ఎదుట రెండు రోజులు కూర్చుంటే మూడో రోజు లోపలికి రమ్మన్నాడు. బల్ల మీద ఫైళ్లు, వాటి వెనక కళ్లజోడు, దాని వెనక అలసిపోయిన మనిషి.

“చూడండి మేడమ్, నాకు తెలియనంతవరకూ ఆయన పాఠం చెప్పుకోవచ్చు. తెలిశాక తెలియనట్టు ఉండటానికి నాకు రూలు లేదు.”

“ఆయన పాఠం ఒక్కసారి వచ్చి చూడండి సార్. పిల్లలు పలకలతో...”

“చూశాననుకోండి. బాగుందనుకోండి. అయినా నేనేం రాయగలను?”

ఆమెకు అలవాటైన ప్రశ్న నోటికొచ్చింది. “సార్, తప్పుగా అనుకోకండి. ఇందులో అసలు మీక్కావలసిందేంటి?”

ఆయన కోప్పడలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఇంతవరకు ఎవరూ అడగని మాట అడిగినట్టు చూశాడు.

“నాక్కావలసిందా? రేపు ఆ బడిలో మంటే అంటుకుందనుకోండి, గంట కొట్టారనుకోండి. ఆయనకు వినపడలేదు. పిల్లలు లోపలే ఉండిపోయారు. తెలిసి కూడా ఎందుకుంచావని నన్నడుగుతారు. మా అన్నయ్య ఇలాగే తెలిసీ తెలియనట్టు ఒక సంతకం పెట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడు మేడమ్. మంచానపడి లేవలేదు. నాకు రాత్రిపూట నిద్ర కావాలి. అంతే.”

మూడో మడత విప్పి చూపించినట్టే చెప్పాడు. ఆమెకు పూర్తిగా అర్థమైంది. అంత బాగా అర్థమయ్యాక ఆయన మీద కోపం కూడా నిలవలేదు. నాలుగేళ్లుగా, ఎదుటి మనిషికి కావలసిందేమిటో తెలిస్తే దారి దానంతటదే దొరుకుతుందని చెబుతూ వచ్చింది. ఇక్కడ అందరికీ కావలసినవన్నీ తెలుసు. మాస్టారికి క్లాసు కావాలి, అధికారికి మంచి పేరు కావాలి, ఈయనకు నిద్ర కావాలి. దారి మాత్రం ఎక్కడా లేదు. “వస్తాను సార్,” అని లేచింది. ఆయన గుమ్మం దాకా వచ్చి, “ఏమీ అనుకోకండి,” అన్నాడు.

ఆ తర్వాత కూడా చెప్పులరిగేలా తిరిగింది. పైవాళ్లకు అర్జీలు రాసింది. ఆ కాగితం తన మాట నమ్మి రాసిందని, దాన్ని వాడుకోవడం అన్యాయమని వివరంగా రాసింది. ఒక్కదానికే జవాబొచ్చింది. అర్జీ అందిందని.

పరీక్షకు లెక్కల మాస్టారిని సోషల్ టీచరే వెంటపెట్టుకుని వెళ్లింది. తగవులమ్మ ఆసుపత్రి వరండాలో దూరంగా నిలబడింది. అద్దాల గదిలో ఆయన తలకు ఏవో తగిలించి కూర్చోబెట్టారు. చప్పుడు వినపడ్డప్పుడల్లా వేలెత్తమన్నారు. బయటివాళ్లకు మీటరు ముల్లు కదలడం కనిపిస్తోంది. ముల్లు కదులుతోంది, కదులుతోంది. ఆయన వేళ్లు మోకాళ్ల మీదే ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి, ముల్లు ఆగిపోయాక, ధైర్యం చేసి వేలెత్తాడు. బడిలో తెలియని జవాబుకు చెయ్యెత్తే పిల్లవాడిలా ఉన్నాడు.

బయటికి వచ్చాక సోషల్ టీచరు ఆమె దగ్గరికి వచ్చింది. అరవలేదు.

“మేం పోట్లాడుకున్నన్నాళ్లూ ఆయన క్లాసులోనే ఉన్నారు మేడమ్. నేను మూడు ఫిర్యాదులు రాసినా ఎవరూ ఆయన్ని కదపలేదు. మిమ్మల్ని నమ్మి నాలుగు లైన్లు రాశారు, అంతే.”

“నేను ఇవ్వనన్నానమ్మా. కానీ...”

“ఇచ్చారు కదా.”

సోషల్ టీచరు ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. ఉత్తరం రాస్తే తిరిగి రాయలేదు. తగవులమ్మ ఇంట్లో కూర్చుని తనకోసం ఒక కాగితం మడిచి చూసుకుంది. మూడో మడతలో ‘ఆవిడ నన్ను క్షమించాలి’ అని రాసి, అది తన అవసరమే తప్ప ఆవిడకు అక్కరలేనిదని తోచి చింపేసింది. భర్త చూసి, “పోనీ ఒకసారి నాతోనైనా పోట్లాడు, మనసు తేలికపడుతుంది,” అన్నాడు. ఆయన నవ్వించాలనే అన్నాడు. ఆమె ముఖం చూసి వెళ్లి పక్కన కూర్చున్నాడు.

లెక్కల మాస్టారిని పాఠ్యపుస్తకాల గోదాముకు వేశారు. ఆరు వారాల తర్వాత ఆమె వెళ్లి చూసింది. రేకుల కప్పు కింద కప్పు దాకా పుస్తకాల కట్టలు. ఆయన ఒక కట్ట మీద కూర్చుని ఇంకో కట్టకు తాడు బిగిస్తున్నాడు. ఆమెను చూసి లేచి, తుండుతో దులిపి, కూర్చోమని ఒక కట్ట చూపించాడు. కోపం లేదు. ఆమెకు అదే కష్టంగా ఉంది.

“నన్ను క్షమించండి మాస్టారూ,” అంది.

“ఆఁ?”

“నన్ను క్షమించండి.”

ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె గట్టిగా చెప్పబోతే గొంతు చీలి గాలి మాత్రం వచ్చింది. చుట్టూ ఉన్న హమాలీలు చూస్తున్నారు. ఆయనే చెయ్యెత్తి, “వద్దు మేడమ్, ఎందుకు శ్రమ? నాకు అర్థమైంది,” అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. “ఆ రోజు నేను మూడో మడత ఖాళీగా వదిలేసి ఉంటే ఏం చేసేవారు?”

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది. ఆయనకు కనపడేలా పెదాలు కదిపి, “ఇంకోసారి అడిగేదాన్ని,” అంది.

ఆయన తలూపాడు. “మంచి టీచరు అలాగే చేస్తుంది. నేనైనా అంతే, జవాబు చెప్పేదాకా పిల్లవాణ్ణి వదిలేవాణ్ణి కాను,” అని, తాడు ముడి బిగించి, ఆమెను లారీ పక్కనుంచి జాగ్రత్తగా రోడ్డు దాకా దిగబెట్టాడు.

శిక్షణ పనిలోంచి తప్పించమని ఆమె అర్జీ పెట్టుకుంది. ఆ ఫైలు తీసుకునేవాళ్లు ఇంకెవరూ లేరని తిప్పి పంపారు. బడికి తిరిగి వెళ్లడానికి గొంతు లేదు. ఇంకా ఆరేళ్ల సర్వీసు ఉంది. అందుకని వెళ్తూనే ఉంది. ఇప్పుడు కాగితాలు పంచడం లేదు, నోటితో చెప్పించుకుంటుంది. రిపోర్టులో ‘పత్రాలు లేవు’ అని రాస్తుంది. రెండు మెమోలు వచ్చాయి. మూడోది వస్తే ఏమవుతుందో ఆమెకు తెలియదు. నోటితో చెప్పేటప్పుడు జనం పైపై మాటలే చెబుతారు, కుర్చీల గురించీ తాళాల గురించీ. పెద్దగా ఏ తగవూ తీరడం లేదు.

మొన్నీమధ్య ఒక శిక్షణలో రెండో వరసలో కూర్చున్న ఒక టీచరమ్మ లేచి నిలబడింది. కొత్తగా చేరిన మనిషి. “మేడమ్, మీరు భయం గురించి చెబుతుంటే... నేనెవరికీ చెప్పలేదు గానీ, నాకు కొన్నాళ్లుగా...” అని మొదలుపెట్టింది. హాలంతా అటు తిరిగింది. వెనక వరసలో కార్యాలయం మనిషి పుస్తకం తెరిచి కలం పట్టుకుని ఉన్నాడు.

తగవులమ్మ రెండు అంగల్లో ఆమె దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది.

“వద్దు తల్లీ,” అంది. “ఇక్కడ చెప్పకు.”

ఆ అమ్మాయి అయోమయంగా చూసి, చెప్పబోయిన మాట మింగి కూర్చుంది. తగవులమ్మ టీ విరామమని ప్రకటించింది. అసలు విరామానికి ఇంకా అరగంట ఉంది. విరామంలో ఆ అమ్మాయి కోసం వరండాలో, మెట్ల దగ్గర, కుళాయి దగ్గర వెతికింది. ఎక్కడా కనిపించలేదు. మధ్యాహ్నం రెండో వరసలో ఆ చోటు ఖాళీగానే ఉంది.